రొమేనియన్ స్నేహితులు ఈస్టర్ రాత్రి చర్చికి పిలిస్తే ఏం చేయాలి

క్లీవ్‌ల్యాండ్, డెట్రాయిట్, షికాగో, లండన్, మిలాన్ లాంటి ఊళ్లలో ఉండే తెలుగువాళ్లకి ఎప్పుడో ఒకప్పుడు ఒక రొమేనియన్ కొలీగో, పక్కింటివాళ్లో పరిచయమవుతారు. కాస్త చనువు పెరిగాక "ఈస్టర్ రాత్రికి మా చర్చికి రండి" అంటారు. వెళ్లండి. మీరు క్రైస్తవులు కాకపోయినా ఎవరూ అడ్డుకోరు. కాకపోతే కొన్ని సంగతులు ముందే తెలిసి ఉంటే అక్కడ బిక్కమొహం వేసుకుని నిలబడే పని ఉండదు.

ముందు అడగాల్సింది టైమ్ కాదు, ఏ చర్చి అని. రొమేనియన్ అంటే ఆర్థడాక్సే (పోప్ కింద లేని తూర్పు ఐరోపా పాత క్రైస్తవ శాఖ) అనుకుంటాం, ఎక్కువమంది వాళ్లే కూడా. కానీ కమ్యూనిస్టు ప్రభుత్వం పెట్టిన బాధలు పడలేక వచ్చేసిన బాప్టిస్టులు, పెంతెకోస్తు వాళ్లు అమెరికాలో చాలామంది ఉన్నారు, పోర్ట్‌లాండ్, శాక్రమెంటో వైపు మరీను. అక్కడ కొవ్వొత్తులు, పటాలు, ధూపం ఏవీ ఉండవు, పాటలు, ప్రసంగం ఉంటాయి, "పాచే" (శాంతి) అని పలకరించుకుంటారు. గ్రీక్ కాథలిక్కులని ఇంకొకళ్లు ఉన్నారు, పూజ అంతా ఆర్థడాక్స్ పద్ధతే, విధేయత మాత్రం పోప్‌కి. 1948లో వాళ్ల చర్చిని రొమేనియాలో నిషేధించారు. కాబట్టి "మీది ఏ చర్చి?" అని మామూలుగా అడిగేయండి, ఎవరూ ఏమీ అనుకోరు.

ఆర్థడాక్స్ అని చెప్పారనుకోండి, అమెరికాలో అయితే దాంట్లోనూ రెండు వర్గాలున్నాయి. ఇదెందుకంటే, ఒకే ఊళ్లో రెండు రొమేనియన్ చర్చిలు కనిపిస్తే మీరు జీపీఎస్ పెట్టుకుని తప్పు దాని ముందు దిగుతారు. కారణం తెలుసుకోవాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి. సుమారు 1895 నుంచి మొదటి ప్రపంచ యుద్ధం దాకా వచ్చినవాళ్లు ఎక్కువగా ట్రాన్సిల్వేనియా, బనాత్, బుకోవినా పల్లెల రైతులు. ఆ ప్రాంతాలు అప్పుడు ఆస్ట్రియా-హంగరీ కింద ఉండేవి. ఒంటరి మగవాళ్లు బోర్డింగ్ హౌసుల్లో సర్దుకుని ఉక్కు మిల్లుల్లో పనిచేశారు. "వెయ్యి డాలర్లు, దారి ఖర్చులు" అనేది అప్పట్లో వాళ్ల నానుడి, అంటే అంత కూడబెట్టి ఇంటికెళ్లి పొలం కొనుక్కోవాలని. కొందరు వెళ్లారు కూడా. ఉండిపోయినవాళ్లు ముందు జబ్బు చేస్తే, చచ్చిపోతే ఆదుకునే సంఘాలు పెట్టుకున్నారు, క్లీవ్‌ల్యాండ్‌లో 'కార్పాతీనా' 1902లో మొదలైంది. చర్చిలూ అప్పుడే వచ్చాయి: కెనడాలోని రెజీనాలో 1902లో, క్లీవ్‌ల్యాండ్‌లో సెయింట్ మేరీ 1904లో.

వాళ్లకి సొంత బిషప్ మాత్రం 1935 దాకా రాలేదు. ఆయన పేరు పోలికార్ప్ మొరుష్క. 1939లో స్వదేశం వెళ్లారు, మళ్లీ తిరిగి రాలేకపోయారు. తర్వాత రొమేనియాలో కమ్యూనిస్టులు వచ్చారు, రాజధాని బుకారెస్ట్‌లోని చర్చి పెద్దల మాట వినాలా వద్దా అన్న దగ్గర ఇక్కడివాళ్లు రెండుగా చీలారు. ఒక వర్గం మిషిగన్‌లోని గ్రాస్ లేక్ దగ్గరున్న 'వాత్రా' అనే ఎస్టేట్ కేంద్రంగా నిలబడి, 1960లో అమెరికాలోని రష్యన్ మూలాలున్న ఆర్థడాక్స్ చర్చితో కలిసింది. ఇంకో వర్గం బుకారెస్ట్ పాత్రియార్క్ (రొమేనియన్ చర్చికి పెద్ద) కిందే ఉండిపోయింది, ఇప్పుడు దాని కేంద్రం షికాగో. కమ్యూనిజం పోయి ఇన్నేళ్లయినా రెండూ విడిగానే ఉన్నాయి. పూజలో మీకు తేడా ఏమీ తెలియదు. అడ్రస్ అడిగేటప్పుడు "వాత్రా వాళ్లదా, పాత్రియార్క్ వాళ్లదా" అని మీరు అంటే మాత్రం ఎదుటివాళ్లు కళ్లు పెద్దవి చేసి చూస్తారు, అది వేరే సంగతి.

భోజనాల దగ్గర పెద్దవాళ్ల ముందు మీ అంతట మీరు ఎత్తకూడని పేరు ఒకటుంది, వాలేరియన్ త్రీఫా. 1952లో వాత్రా వర్గానికి బిషప్ అయ్యారు. కుర్రతనంలో ఐరన్ గార్డ్ అనే రొమేనియన్ ఫాసిస్టు సంస్థలో విద్యార్థి నాయకుడు. ఆ గతం మీద కేసు నడిచి 1980లో అమెరికా పౌరసత్వం వదులుకున్నారు, 1984లో దేశం విడిచి పోర్చుగల్ వెళ్లి అక్కడే చనిపోయారు. చీలిక రోజులు చూసినవాళ్లకి ఇది ఇంకా మానని గాయం. వాళ్లే చెప్తే వినండి.

తేదీ సంగతి. రొమేనియన్ ఆర్థడాక్స్ వాళ్లు క్రిస్మస్ అందరిలాగే డిసెంబర్ 25నే చేసుకుంటారు, ఈస్టర్ మాత్రం పాత జూలియన్ క్యాలెండర్ లెక్క ప్రకారం. 2026లో ఏప్రిల్ 12, 2027లో మే 2. 2028లో ఏప్రిల్ 16, ఆ ఏడు అందరి ఈస్టరూ ఒకటే. ఆఫీస్ క్యాలెండర్‌లో ఉన్న ఈస్టర్ చూసుకుని విష్ చేస్తే ఒక్కోసారి నెల ముందే చెప్పినట్టవుతుంది.

శనివారం రాత్రి పదకొండుకల్లా చేరిపోండి, పార్కింగ్ దొరకదు. అర్ధరాత్రి దీపాలన్నీ ఆర్పేస్తారు, ఫాదర్ ఒక్కరే వెలిగించిన కొవ్వొత్తితో బయటికి వచ్చి "వచ్చి వెలుగు తీసుకోండి" అని పాడతారు, ఆ మంట ఒకరి నుంచి ఒకరికి చేతులు మారుతూ జనం మధ్య పాకుతుంది. అందరూ బయటికి నడుస్తారు, చర్చి చుట్టూ తిరుగుతారు. ఆడవాళ్లకి ఒక మాట: షిఫాన్ చీర, జారే చున్నీ ఆ రాత్రికి వద్దు, మీ వెనక నిలబడ్డ ఆరేళ్ల పిల్లాడి చేతిలో కూడా మంట ఉంటుంది. జుట్టు ముడి వేసుకోండి. కాటన్ చీర, సల్వార్ అన్నీ బాగానే ఉంటాయి, తల మీద కప్పుకోవడానికి బ్యాగులో ఒక స్కార్ఫ్ ఉంచుకోండి, పక్కవాళ్లని చూసి కప్పుకోవచ్చు. మగవాళ్లు షార్ట్స్ వేసుకోకండి. గుమ్మం దగ్గర అలవాటు కొద్దీ చెప్పులు విప్పేయకండి, అక్కడ ఎవరూ విప్పరు. పూజ తెల్లవారుజామున రెండు మూడింటిదాకా సాగుతుంది, వెలుగు తీసుకున్నాక చాలామంది ఇంటికి వెళ్లిపోతారు, మీరూ వెళ్లొచ్చు. చిన్నపిల్లలుంటే గుడ్ ఫ్రైడే సాయంత్రం పూజకి వెళ్లడం మేలు, పువ్వులు పెట్టిన బల్ల కింద నుంచి అందరూ వంగి దూరతారు, పిల్లలకి భలే సరదా.

లోపలికి వెళ్లగానే పంగార్ అనే కౌంటర్ ఉంటుంది. కొవ్వొత్తులు అక్కడే కొనాలి, జేబులో చిల్లర నోట్లు ఉంచుకోండి. విదేశాల్లో ఈ చర్చిలు ఎక్కువగా జనం ఇచ్చే డబ్బుతోనే నడుస్తాయి. కొవ్వొత్తులు పెట్టే చోట్లు రెండు, బతికున్నవాళ్లకి ఒకటి, పోయినవాళ్లకి ఒకటి. అడిగి పెట్టండి, మీ అమ్మగారి ఆరోగ్యం కోసమని వెలిగించి పోయినవాళ్ల వైపు పెడితే పక్కనున్న ముసలావిడ ఊరుకోదు. కొందరు చీటీ మీద పేర్లు రాసి ఇస్తుంటారు, దాన్ని పొమెల్నిక్ అంటారు. మనం అర్చన చీటీలో గోత్రనామాలు రాసిచ్చినట్టే, లోపల ఆ పేర్లు చదువుతారు. అది బాప్తిస్మం తీసుకున్న ఆర్థడాక్స్ వాళ్ల పేర్లకి. మీకు రాయాలనిపిస్తే ఫాదర్‌ని అడగండి, ఆయన్ని "పరింతె" అని పిలవాలి.

పటాలకి ముద్దు పెట్టడం, శిలువ గుర్తు వేసుకోవడం మీరు చేయక్కర్లేదు. చెంచాతో ప్రసాదం పెట్టే లైన్‌లో మాత్రం నిలబడకండి, అది ఉపవాసం ఉండి, పాపాలు ఒప్పుకుని సిద్ధపడ్డ ఆర్థడాక్స్ వాళ్లకే.

ఇక తిండి. ఎర్ర గుడ్లు ఒకదానికొకటి కొట్టే ఆట ఉంటుంది: కొట్టేవాళ్లు "హ్రిస్తోస్ అ ఇన్వియత్" అంటారు, అవతలివాళ్లు "అదెవరత్ అ ఇన్వియత్" అని జవాబివ్వాలి. మొదటిది క్రీస్తు లేచాడని, రెండోది నిజంగా లేచాడని. శాకాహారులకి ఈస్టర్ అంత కష్టమైన రోజు ఇంకోటి లేదు. ద్రోబ్ అంటే గొర్రెపిల్ల లోపలి మాంసం, సర్మాలె క్యాబేజీ ఆకు చుట్టలా అమాయకంగా కనిపిస్తుంది కానీ లోపల పంది మాంసం, మిచ్ అనే వేలెడు కబాబుల్లో బీఫ్ ఉంటుంది. పాస్కా, కోజొనాక్ అనే తీపి రొట్టెలున్నాయి, గుడ్డు తింటే అవి హాయిగా లాగించొచ్చు. నన్నడిగితే, శాకాహారులు ఈస్టర్‌కి ముందు ఉపవాసాల్లో ఏదో ఒక ఆదివారం వెళ్లడం మంచిది. అప్పుడు వంటలన్నీ "దె పోస్ట్", అంటే ఉపవాసం వంటలు, పాలు, నెయ్యి కూడా ఉండవు, బీన్స్ కూర, వంకాయ-క్యాప్సికం కలిపి చేసే జకుస్కా ఉంటాయి. కొన్ని రోజుల్లో చేపకి అనుమతి ఉంది కాబట్టి ఆ ఒక్కటీ అడిగి తినండి.

ఎవరింటికైనా పిలిస్తే పువ్వులు పట్టుకెళ్లొచ్చు, బేసి సంఖ్యలో. సరి సంఖ్య చావుకి. మాటల్లో డ్రాక్యులాని తేకండి, విని విని విసిగిపోయారు. ఏ ప్రాంతం, ఎప్పుడొచ్చారు అని అడగండి, కథలు వాటంతటవే వస్తాయి. ఇటలీలో అయితే మరీ, అక్కడ విదేశీయుల్లో అందరికంటే ఎక్కువమంది రొమేనియన్లే, 2002లో వీసా ఎత్తేశాక ఆ రాక బాగా పెరిగింది. ఆడవాళ్లు చాలామంది ఇటాలియన్ ముసలివాళ్లకి సేవ చేసే పనిలో ఉంటారు, కాథలిక్కులు వాడుకోమని ఇచ్చిన చర్చిల్లో పూజ చేసుకుని, బయట మెట్ల మీద పనులు, అద్దె గదుల కబుర్లు చెప్పుకుంటారు.

పిలిచేవాళ్లు లేకపోయినా చూడాలనుంటే లండన్ ఫ్లీట్ స్ట్రీట్‌లోని సెయింట్ డన్‌స్టన్‌కి వెళ్లండి, ఆంగ్లికన్ చర్చిలోనే రొమేనియన్ల పూజ జరుగుతుంది, అక్కడి పటాల తెర బుకారెస్ట్‌లోని అంతీమ్ మఠం నుంచి 1966లో తెచ్చింది. క్లీవ్‌ల్యాండ్ సెయింట్ మేరీలో జానపద కళల మ్యూజియం ఉంది, ముందు ఫోన్ చేసి వెళ్లండి.

సోమవారం ఆఫీసులో గుడ్ మార్నింగ్ బదులు "హ్రిస్తోస్ అ ఇన్వియత్" అనండి. ఈస్టర్ తర్వాత నలభయ్యో రోజు, క్రీస్తు ఆరోహణ పండగ దాకా ఇదే పలకరింపు నడుస్తుంది, ఆ తర్వాత మామూలు "బునా" (హలో) చాలు.