బండను పడుకోబెట్టొద్దు

మాఘం ముహూర్తాలు మొదలవుతున్నాయి. మొన్న మా పక్క ఊళ్ళో పెళ్ళివంటల దగ్గర మంట లేచి ఇద్దరు కుర్రాళ్ళ చేతులు కాలాయి. అందరూ గ్యాస్ లీకైందంటున్నారు. లీకు కాదు, గ్యాస్ బండను పడుకోబెట్టారు. పాతికేళ్ళుగా పెళ్ళిళ్ళకు వండిస్తున్నాను, ఈ ఒక్క తప్పుతోనే మనుషులు కాలడం చూశాను.

పొయ్యి దగ్గర నూలుబట్టలు కట్టుకోవడం, పాత ట్యూబులు మార్చడం లాంటివి మీకు తెలిసినవే. తెలియని సంగతి ఇది. బండలో ఉండేది ఒత్తిడితో ద్రవమైన గ్యాస్. వాల్వు తిప్పగానే పైన ఒత్తిడి తగ్గి ఆ ద్రవం మరుగుతుంది, ఆవిరి పైకొస్తుంది. మరగడానికి కావలసిన వేడిని బండ నుంచే లాక్కుంటుంది. తెల్లవారుజామున ఒకే 19 కిలోల బండకి మూడు పెద్ద పొయ్యిలు తగిలించి ఉప్మాకి ఎసరు పెట్టారనుకోండి. కాసేపటికి బండకి చెమట పడుతుంది, ఆపైన తెల్లగా మంచు కడుతుంది, వేలితో గీస్తే గీత పడుతుంది. చల్లబడ్డ ద్రవం తొందరగా ఆవిరవదు, మంట దిగిపోతుంది. గ్యాస్ అయిపోలేదు. మంచు ఎంత ఎత్తుకి కట్టిందో, దాదాపు అంత ఎత్తున ద్రవం ఇంకా ఉంది.

సరిగ్గా అప్పుడే ఎవరో ఒకరు బండను పక్కకి వాలుస్తారు. వాల్వు ద్రవంలో మునుగుతుంది. ఆవిరి కోసం చేసిన రెగ్యులేటరులోకి ద్రవమే దూకుతుంది. ఒక లీటరు ద్రవం బయటికొస్తే సుమారు 250 లీటర్ల గ్యాస్! పొయ్యి దగ్గర మంట మనిషెత్తు లేస్తుంది, పైన షామియానా.

మంచు కడితే వాల్వు కట్టేసి ఇంకో బండకి మారండి. పట్టిన మంచు దానంతటదే కరగాలి.

పెద్ద వంటకి రెండుమూడు బండలు కలిపే పైపు పెట్టించుకోండి, భారం పంచుకుంటే చల్లబడటం తగ్గుతుంది. వేడినీళ్ళు పోయొద్దు. బండ కింద నిప్పులు పెట్టొద్దు. ఊపొద్దు. వాల్చొద్దు. ట్యూబు చివర చెయ్యి పెట్టి చూడొద్దు, ద్రవం పడితే చలికే చర్మం కాలుతుంది. కొత్త కుర్రాళ్ళకి బండ అప్పగించొద్దు. వాసనొస్తే వాల్వు కట్టి, జనాన్ని దూరం పంపి గ్యాస్ లీకుల హెల్ప్‌లైన్ 1906కి ఫోన్ చెయ్యండి. ఉప్మా గంట ఆలస్యమవుతుందని పెళ్ళివారికి చెప్పండి, తిట్టనివ్వండి, బండను మాత్రం పడుకోబెట్టొద్దు.