అమెరికా నుంచి వచ్చి ఇంటి తాళం తీసే ముందు

పిల్లల దగ్గర నాలుగైదు నెలలు ఉండి హైదరాబాద్ తిరిగొచ్చే పెద్దవాళ్ల కోసం ఈ జాగ్రత్తలు.

విమానం ఎక్కకముందే:

- ఇండియా సిమ్ రీచార్జ్ చేయించండి. 90 రోజులు అసలు వాడకపోతే నంబరు పోవచ్చు. అది పోతే బ్యాంకు ఓటీపీలు కూడా రావు.
- బీపీ, షుగర్ మందులు వారానికి సరిపడా చేతిసంచిలోనే ఉండాలి. ఇంటి తాళాలు కూడా.

తలుపు తీయగానే లైటు స్విచ్ మీద చెయ్యి వేయకండి. ముందు వాసన చూడండి. వంటగ్యాస్ గాలికంటే బరువు కాబట్టి నేల దగ్గరే పేరుకుంటుంది. వాసన వస్తే స్విచ్‌లు వేయొద్దు, ఆపొద్దు. తలుపులు, కిటికీలు తెరిచి, రెగ్యులేటర్ కట్టేసి, బయటికొచ్చాకే గ్యాస్ లీకేజీ హెల్ప్‌లైన్ 1906కి ఫోన్ చేయండి.

సంపు, ట్యాంకు కడిగించాకే నీళ్లు వాడండి. ఆర్వో ఫిల్టర్లు మార్పించే దాకా తాగడానికి కాచిన నీళ్లే. కూలర్, పూలకుండీల కింది పళ్లాలు, వాడకుండా ఉన్న టాయిలెట్ కూడా చూడండి. డెంగీ దోమ ఇలాంటి నిల్వ నీటిలోనే పెరుగుతుంది. గీజర్‌లోకి నీళ్లు వస్తున్నాయని తేలాకే స్విచ్ వేయాలి.

ఫ్రిజ్‌లో మిగిలినవాటి మీద మమకారం వద్దు. కరెంటు ఎన్నిసార్లు పోయిందో ఎవరికి తెలుసు?

డల్లాస్‌కీ మనకీ వేసవిలో పదిన్నర గంటల తేడా. పగటి కునుకు అరగంట దాటనివ్వకండి. నిద్ర కుదిరే దాకా కారు నడపొద్దు. చుట్టాలకు చాక్లెట్లు పంచడం వారం ఆగినా ఎవరూ ఏమీ అనుకోరు (అనుకున్నా ఫర్వాలేదు).

జ్వరం వస్తే మాత్రం ప్రయాణం సంగతి డాక్టరుకు తప్పక చెప్పండి.