కెమికల్ ఇంజినీరింగ్ సీటు ఖరారు చేసుకునే ముందు

ఈఏపీసెట్ ఆప్షన్లు పెట్టబోయే మన అనంతపురం పిల్లలకు:

– ఇంటర్ కెమిస్ట్రీలో మంచి మార్కులొచ్చాయని మాత్రమే ఈ బ్రాంచ్ పెట్టకండి. ఇక్కడ కెమిస్ట్రీ కంటే లెక్కలే ఎక్కువ. 100 కిలోల తడి సరుకులో 40 శాతం నీళ్లున్నాయి. ఆరబెట్టాక 10 శాతమే ఉండాలంటే ఎన్ని కిలోల నీళ్లు పోవాలి? 30 అన్నారా? తప్పు. పొడి సరుకు 60 కిలోలు అలాగే ఉంటుంది, చివర్లో అదే 90 శాతం కావాలి. అంటే చివరి బరువు 66.7 కిలోలు, కాబట్టి పోయేది 33.3 కిలోలు. మొదటి ఏడాది నేనూ 30 అనే రాశాను! ఈ మెలిక సరదాగా అనిపిస్తే ధైర్యంగా పెట్టండి.

– కాలేజీకి ఒకసారి వెళ్లి చూడండి. జేఎన్‌టీయూ అనంతపురం కాలేజీలో ఈ బ్రాంచ్ ఉంది. ఎక్కడికెళ్లినా ల్యాబ్‌లో డిస్టిలేషన్ కాలమ్ (ద్రవాలను మరిగించి వేరుచేసే పొడవాటి గొట్టం), పంపులు నిజంగా నడుస్తున్నాయా అని సీనియర్లనే అడగండి. మేం చదివిన చోట ఒక మెషిన్ నాలుగేళ్లూ గుడ్డ కప్పుకునే ఉంది.

– ప్లాంటు ఉద్యోగమంటే నైట్ షిఫ్టులు కూడా. కర్నూలులో కాస్టిక్ సోడా, కడప జిల్లాలో సిమెంటు ఉన్నాయి గానీ, మన రాష్ట్రంలోనే పెద్ద రిఫైనరీ (ముడి చమురును శుద్ధి చేసే ప్లాంటు) కావాలంటే విశాఖ దాకా పోవాల్సిందే. ఇంట్లో ఇప్పుడే చెప్పి ఉంచండి.

– ల్యాబ్‌కు కాటన్ కోటు, మూసి ఉండే బూట్లు. యాసిడ్‌నే నీళ్లలో మెల్లగా పోయాలి, నీళ్లను యాసిడ్‌లో కాదు.