టిగ్ వెల్డింగ్ పాఠాలు – 6: గ్యాస్ పెంచితే చిల్లులు పోవు

పోయిన పాఠంలో 2 మి.మీ. స్టెయిన్‌లెస్ రేకు మీద బీడ్ (లోహం కరిగి గట్టిపడిన వెల్డింగ్ గీత) వెయ్యమన్నాను. మీరు పంపిన ఫొటోల్లో చాలావాటికి ఒకటే జబ్బు: బీడ్ బూడిద రంగుకి తిరిగింది, పైన సూదిమొనంత చిల్లులు. "గ్యాస్ చాల్లేదేమోనని నిమిషానికి 20 లీటర్లకి పెంచాను సార్, ఇంకా ఎక్కువయ్యాయి" అని గాజువాక నుంచి ఒక తమ్ముడు రాశాడు. అందుకే ఈసారి మొదలుపెడదామనుకున్న కార్నర్ జాయింట్ ఆపి, కరిగిన లోహానికి గాలి తగలకుండా కాపాడే ఆర్గాన్ గ్యాస్ సంగతే తేల్చుకుందాం.

ఆర్గాన్ మనం పీల్చే గాలిలోనే 0.93 శాతం ఉంది. గాలిని ద్రవంగా మార్చి, మరిగే ఉష్ణోగ్రతల తేడాతో దాన్ని విడదీస్తారు. ఆర్గాన్ మైనస్ 186 డిగ్రీల దగ్గర మరుగుతుంది, ఆక్సిజన్ మైనస్ 183 దగ్గర. ఇంత దగ్గరగా ఉన్నవాటిని విడదీయడం సులువు కాదు. ఉక్కు ఫ్యాక్టరీలకి ఆక్సిజన్ ఎలాగూ కావాలి కాబట్టి అక్కడ ఈ ప్లాంట్లు ఉంటాయి. లేడిల్‌లో (ఉక్కు పోసే పెద్ద పాత్రలో) కరిగిన ఉక్కుని కలియబెట్టడానికి అడుగునుంచి ఊదేదీ ఆర్గానే. బయటి కక్ష్యలో 8 ఎలక్ట్రాన్లు నిండుగా ఉన్నాయి కనుక కరిగిన లోహంతో కూడా అది కలవదు. గాలికంటే దాదాపు 1.4 రెట్లు బరువు కాబట్టి బీడ్ మీద పరుచుకుని నిలబడుతుంది.

ఇక అసలు తప్పు. రెగ్యులేటర్ తిప్పేయడం చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. కుళాయి కొంచెం తిప్పితే నీళ్లు అద్దంలా నిశ్చలంగా పడతాయి, పూర్తిగా తిప్పితే చిందులు తొక్కుతూ గాలిని కలుపుకుంటాయి. టార్చ్ చివరనుండే కప్పులోంచి వచ్చే ఆర్గాన్ కూడా అంతే. వేగం హద్దు దాటితే సుడులు తిరిగి, పక్కనున్న గాలిని తనే బీడ్ మీదకి లాక్కొస్తుంది. మీరు 20 పెట్టి డబ్బులిచ్చి మరీ గాలిని కొని తెచ్చుకున్నట్టే. 6వ నంబరు కప్పుకి నిమిషానికి 7 నుంచి 9 లీటర్లు చాలు. 7 ఘనపు మీటర్ల సిలిండర్ 8 లీటర్ల లెక్కన 14 గంటలకి పైగా వస్తుంది, 20 పెడితే 6 గంటలు కూడా రాదు.

నేనైతే గ్యాస్ లెన్స్ లేని టార్చ్ పట్టుకోను. ఆ లెన్స్ లోపలి సన్నని జాలీ గ్యాస్‌ని తిన్నగా పంపుతుంది. కప్పు కంటే టంగ్‌స్టన్ (ఆర్క్ పుట్టించే కడ్డీ) కాస్త ఎక్కువ బయటికి తీసినా పర్వాలేదు.

మధ్యాహ్నం సముద్రపు గాలి లేచాక ఆటోనగర్ షెడ్లలో షట్టర్ తెరిచి పనిచేసేవాళ్లకి ఇంకో మాట. గాలి వీస్తే ప్రవాహం పెంచకండి, రేకు అడ్డం పెట్టండి. ఫ్యాన్ మొహం తిప్పేయండి.

బీడ్ ఆపగానే టార్చ్ ఎత్తేయడమూ తప్పే. 80 ఆంపియర్లకి 8 సెకన్లు గ్యాస్ పారనివ్వండి, అంటే ప్రతి 10కి 1 సెకను. టంగ్‌స్టన్ మొన నీలంగానో నల్లగానో మారిందంటే తొందరపడ్డారన్నమాట. మిగ్‌కి (తీగని కరిగించే వెల్డింగ్‌కి) వాడే ఆర్గాన్, కార్బన్ డయాక్సైడ్ మిక్స్ సిలిండర్‌ని టిగ్‌కి తగిలించకండి. టంగ్‌స్టన్ కాలిపోతుంది.

ఓడల పని చేసేవాళ్లు ఇది జాగ్రత్తగా చదవండి. ఆర్గాన్‌కి వాసన లేదు, రంగు లేదు. ట్యాంకు అడుగున చేరి ఆక్సిజన్‌ని బయటికి తోసేస్తుంది. ఊపిరి ఆడట్లేదని తెలియకుండానే మనిషి పడిపోతాడు. కాపాడదామని దిగినవాడూ పడతాడు. ఆక్సిజన్ మీటర్ 19.5 శాతం కంటే తక్కువ చూపిస్తే లోపలికి దిగొద్దు. బ్లోయర్ ఆడాలి, పైన మనిషి ఉండాలి, అతను గ్యాస్ మూసే వాల్వ్ దగ్గరే ఉండాలి.

సాధన: ఒకే రేకు మీద 5, 8, 12, 18 లీటర్లతో నాలుగు బీడ్‌లు వెయ్యండి. తర్వాత 8 దగ్గరే ఉంచి, ఫ్యాన్ వేసి ఒకటి, ఆపి ఒకటి. పక్కన చాక్‌పీసుతో అంకె రాయండి. అన్నిటినీ అడ్డంగా కోసి, రుద్ది, లోపలి చిల్లులు లెక్కపెట్టి పంపండి. బంగారు రంగు బీడ్ ఏ అంకె దగ్గర వచ్చిందో దాన్నే వచ్చే పాఠంలో కార్నర్ జాయింట్‌కి వాడతాం.