జాంగో రాసిచ్చిన మైగ్రేషన్‌ను చేత్తో సరిచేశాను

జాంగో (పైథాన్‌లో వెబ్‌సైట్లు కట్టే ఫ్రేమ్‌వర్క్) ప్రాజెక్టులో, కస్టమర్ టేబుల్‌లో ఫోన్ అనే ఫీల్డ్ పేరును మొబైల్‌గా మార్చి, పనిలో పనిగా పొడవు కూడా 15 నుంచి 20కి పెంచి, మైగ్రేషన్ ఫైల్ (డేటాబేస్‌లో చేయాల్సిన మార్పుల జాబితా) రాసిచ్చే మేక్‌మైగ్రేషన్స్ కమాండ్ కొట్టాను. పేరు మార్చారా అని జాంగో అడగనే లేదు. మామూలుగా అడుగుతుంది, కానీ పేరుతో పాటు పొడవు కూడా మారితే దాని లెక్కలో అది కొత్త ఫీల్డే. నల్ (ఖాళీ) ఉండొచ్చని ఇచ్చిన ఫీల్డ్ కాబట్టి, పాత వరుసల్లో పెట్టాల్సిన డిఫాల్ట్ విలువ కూడా అడగలేదు. టెస్ట్ డేటాబేస్‌లో నడిపాక నంబర్లన్నీ మాయం! ఫైల్ తెరిస్తే రిమూవ్‌ఫీల్డ్, యాడ్‌ఫీల్డ్, అంటే పాత ఫీల్డ్‌ను తీసేసి కొత్తది ఖాళీగా పెట్టడం. లైవ్‌లో నడిపి ఉంటే ఏమయ్యేదో అని చాలా టెన్షన్ పడ్డాను.

కొత్త టేబుల్‌కైతే అది రాసిందే చాలు, ఇక్కడ మాత్రం ఆ రెండూ తీసేసి పేరు మార్చే రీనేమ్‌ఫీల్డ్, దాని కింద పొడవు మార్చే ఆల్టర్‌ఫీల్డ్ నేనే రాశాను. మైగ్రేషన్ నడిపే క్వెరీలను ముందే చూపించే ఎస్‌క్యూఎల్‌మైగ్రేట్ కమాండ్‌తో చూస్తే, మా డేటాబేస్ పోస్ట్‌గ్రెస్‌కు వెళ్లే క్వెరీల్లో కాలమ్‌ను తీసేసే డ్రాప్ కాలమ్ లేదు. బ్యాకప్ మళ్లీ ఎక్కించి నడిపాను, నంబర్లన్నీ ఉన్నాయి.