కవిత దిద్దేటప్పుడు ఎక్కువైన మాటలు తీసేయడం ఎలా?

గుంటూరులో చాలా ఏళ్ల కిందట నేను రాసుకున్న కవిత ఇది, మొదటి ప్రతి:

మండుతున్న ఎర్రటి ఎండలో గుంటూరు యార్డులో
నేను మా అమ్మ యొక్క చేతులను చూశాను
మిరప తొడిమలు తీసి మంటలెత్తిన చేతులతో
ప్రేమగా అన్నం కలిపి పెట్టిన అమ్మా
నీ త్యాగాల సాగరానికి నా వందనం

మొత్తం 26 మాటలు. దీన్నే దిద్దుతూ చెబుతాను. మీరూ మీ కవిత ఒకటి పక్కన పెట్టుకోండి.

రాసిన రోజే దిద్దకండి, వారమైనా ఆగండి. ఆ వేడిలో ప్రతి మాటా ముద్దొస్తుంది. తర్వాత గొంతెత్తి చదివి, తడబడిన చోటల్లా పెన్సిల్‌తో గీత పెట్టండి.

ముందు సులువుగా పోయేవి తీయండి. 'చూశాను' అంటే చాలు, 'నేను' అందులోనే ఉంది. 'అమ్మ యొక్క చేతులు' అని ఇంట్లో ఎవరూ అనరు. 'అనేటటువంటి', 'చేయడం జరిగింది' కూడా ఇదే బాపతు.

తర్వాత విశేషణాలు. ఎండకు 'మండుతున్న', 'ఎర్రటి' రెండూ అక్కర్లేదు. నా కవితలో అసలు ఎండే అక్కర్లేదు.

'త్యాగాల సాగరం', 'ఆశల పల్లకి' లాంటి జంటల దగ్గర మాత్రం కాసేపు ఆగండి. అవి ఎవరి అమ్మకైనా సరిపోతాయి. అందుకే మా అమ్మ వాటిలో కనిపించదు. చివరి పాదాన్ని చేత్తో మూసి చదవండి. కవిత అక్కడికే పూర్తయిందనిపిస్తే ఆ పాదం పాఠకుడికి అర్థం చెప్పడానికి రాసిందే. నా వందనం అలాగే పోయింది.

ఇవన్నీ పోయాక అసలు తప్పు బయటపడింది. మిరప మంట సబ్బుతో కడిగినా ఓ పట్టాన వదలదు. ఆ చేత్తో కలిపిన ముద్ద పెడితే పిల్లల నోరు మండదా? నిజానికి మిర్చి సీజన్లో అమ్మ మాకు ముద్దలు కలిపేదే కాదు. 'ప్రేమగా' అని రాసేసి, నేను ఆ సంగతే మర్చిపోయాను. ఎక్కువ మాటలున్న చోట చాలాసార్లు మనం సరిగా చూడని విషయం ఒకటి ఉంటుంది. దాని కోసమే వెతకండి.

పొద్దంతా
మిరప తొడిమలు తీసింది అమ్మ
ఈ రాత్రి
ముద్ద కలపదు, చెంచా ఇస్తుంది

ఇప్పుడు 11 మాటలు. మంట అన్న మాట లేదు, మంట ఉంది.

చేయి తిరగడానికి నానీలు రాయండి: నాలుగు పాదాలు, 20 నుంచి 25 అక్షరాలు. ఆ లెక్కలో ఊతపదాలకు చోటుండదు. అయితే తిరిగొచ్చిన ప్రతి మాటా వృథా కాదు. 'తీసి తీసి' అన్నప్పుడు రెండో 'తీసి'లో అలసట ఉంటుంది, దాన్ని ముట్టుకోకండి. పాత ప్రతినీ చింపేయకండి.

ఆఖరున 'అమ్మ'ను కూడా తీసి చూశాను. ఉత్త 'తీసింది' అంటే ఎవరో తెలియలేదు. మళ్లీ పెట్టేశాను.