రిమాండ్‌లో ఉన్న మనిషిని బయటికి తేవాలంటే

లీగల్ ఎయిడ్ లాయరుగా నేను జైలుకు వెళ్తుంటాను. ములాఖత్ కోసం గేటు దగ్గర నిలబడ్డ అమ్మలను, భార్యలను నేను మొదట అడిగేది రిమాండ్ తేదీ. చాలామంది "సంక్రాంతికి ముందు" అంటారు. అది చాలదు. తేదీ, క్రైమ్ నంబరు, సెక్షన్లు, కోర్టు పేరు కాగితం మీద రాసి పెట్టుకోండి.

డబ్బు లేదని ఆగొద్దు. కస్టడీలో ఉన్నవారికి ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయరును ఇవ్వాలని 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టమే చెబుతోంది. లీగల్ ఎయిడ్ హెల్ప్‌లైన్ 15100కు ఫోన్ చేయండి, లేదా జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లి అర్జీ ఇవ్వండి.

తర్వాత రిమాండ్ తేదీ నుంచి రోజులు లెక్కపెట్టండి. మామూలు కేసుల్లో 60 రోజులు, తీవ్రమైన వాటిలో 90 రోజులు దాటినా పోలీసులు ఛార్జిషీటు వేయకపోతే బెయిలు హక్కుగా వస్తుంది. పెద్ద మొత్తంలో గంజాయి దొరికిన కేసుల్లో ఆ గడువు 180 రోజులు. గడువు దాటగానే, ఛార్జిషీటు పడేలోపే బెయిలు పిటిషన్ వేయాలి. ఒక్కరోజు ఆలస్యమైనా ఆ హక్కు పోవచ్చు.

ఛార్జిషీటు పడిపోయిందా? అరెస్టు, బెయిలు, విచారణ ఎలా జరగాలో చెప్పే చట్టం బీఎన్ఎస్ఎస్‌లో సెక్షన్ 479 చూడండి. గరిష్ఠ శిక్షలో సగం కాలం లోపలే గడిపితే బెయిలుకు అర్హులు. ఇంతకుముందు ఏ కేసులోనూ శిక్ష పడనివారికి మూడో వంతు చాలు. ఇంట్లో దొంగతనం కేసుకు గరిష్ఠం 7 ఏళ్లు, అందులో మూడో వంతు అంటే 2 సంవత్సరాల 4 నెలలు. మరణశిక్ష, యావజ్జీవం పడే నేరాలకు ఇది వర్తించదు. వేరే కేసులు పెండింగ్‌లో ఉన్నా అడ్డమే, కాబట్టి పాత కేసులు ఏమయ్యాయో ముందే కనుక్కోండి. గడువు నిండగానే కోర్టుకు రాయాల్సిన బాధ్యత జైలు సూపరింటెండెంట్‌దే. అయినా మీరూ ఒక అర్జీ ఇచ్చి, నకలు మీద స్టాంపు వేయించుకోండి.

నన్ను అన్నిటికన్నా బాధపెట్టేది బెయిలు వచ్చాక కూడా జామీనుదారులు దొరక్క లోపలే ఉండిపోవడం. 1978లో మధ్యప్రదేశ్‌కు చెందిన మోతీరామ్ అనే మేస్త్రిని 10,000 రూపాయల పూచీకత్తు అడిగారు. అతని సోదరుడి ఆస్తి వేరే జిల్లాలో ఉందని ఆ జామీను ఒప్పుకోలేదు. బస్తర్‌లోనో చాందినీ చౌక్‌లోనో పట్టుబడ్డ ఆంధ్రుడు అక్కడ ఆస్తి ఉన్న జామీనుదారును ఎక్కణ్నుంచి తెస్తాడని సుప్రీంకోర్టు జడ్జి జస్టిస్ కృష్ణయ్యర్ ఆ కేసు తీర్పులో ప్రశ్నించారు. 1,000 రూపాయల సొంత బాండు మీద అతన్ని వదలమన్నారు. ఇప్పటికీ స్థానిక జామీనే కావాలంటే మీ లాయరుతో ఈ తీర్పు చూపించండి.

బెయిలు వచ్చి 7 రోజులైనా విడుదల కాకపోతే సూపరింటెండెంట్ ఆ సంగతి న్యాయ సేవాధికార సంస్థ కార్యదర్శికి తెలపాలని 2023 జనవరి 31న సుప్రీంకోర్టు చెప్పింది. నెలలోపు బాండ్లు ఇవ్వలేకపోతే షరతులు తగ్గించాలా అని కోర్టు తనంతట తానే పరిశీలించవచ్చని కూడా చెప్పింది. పేద ఖైదీల కోసం 2023లో వచ్చిన కేంద్ర పథకం కింద బెయిలుకు డబ్బు సాయం ఉంది. ఎనిమిదో రోజు పొద్దున్నే కార్యదర్శి ఆఫీసుకు వెళ్లి, బెయిలు ఆర్డరు కాపీ చూపించి షరతుల తగ్గింపు, డబ్బు సాయం రెండూ అడగండి.